ప్రోగ్రాముకు మార్కులు ఎలా వేస్తారు?

మీ ఇంట్లో ఇంటర్మీడియట్ చదివే అన్నయ్యో అక్కయ్యో ఉంటే ప్రాక్టికల్ పరీక్షల రోజుల్లో వాళ్ళ హడావిడి మీరు చూసే ఉంటారు. బ్యూరెట్టులో ద్రావణం పోయాలి. కింద ఉన్న శంకు కుప్పెలోకి దాన్ని చుక్క చుక్కగా వదలాలి. రంగు మారిన క్షణాన ఠక్కున ఆపి, బ్యూరెట్టు మీది అంకె రాసుకోవాలి. ఆ అంకె అసలు విలువకు ఎంత దగ్గరగా ఉంటే అన్ని మార్కులు. లవణ విశ్లేషణలో పరీక్షకుడి పని ఇంకా తేలిక. ఇచ్చిన లవణం ఏదో ఆయనకు ముందే తెలుసు. విద్యార్థి రాసిన పేరూ ఆయన దగ్గరున్న పేరూ ఒకటైతే సరి.

మరి ఇంజనీరింగు కాలేజీలో కంప్యూటరు లాబు సంగతి? అక్కడ ద్రావణాలు లేవు, లవణాలు లేవు. విద్యార్థి కంప్యూటరు ముందు కూర్చుని ఒక ప్రోగ్రాము రాస్తాడు. ఒకే లెక్కకు ముప్ఫైమంది ముప్ఫై రకాలుగా ప్రోగ్రాము రాయవచ్చు. అన్నీ సరైనవే కావచ్చు. చూడ్డానికి బాగానే కనిపిస్తూ అన్నీ తప్పు కూడా కావచ్చు! ఇక్కడ పరీక్షకుడు చూడవలసిన "రీడింగు" ఏది? అదెలా తేలుస్తారో తెలుసుకుందామా?

పరీక్ష గదిలోకి

హైదరాబాదులోని జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం (జె.ఎన్.టి.యు.) పద్ధతి చూద్దాం. ఈ విశ్వవిద్యాలయం కింద నడిచే కాలేజీల్లో బి.టెక్. మొదటి ఏడాది విద్యార్థులు 'సి' అనే భాషలో ప్రోగ్రాములు రాయడం నేర్చుకుంటారు. 2022లో వచ్చిన నిబంధనల ప్రకారం లాబుకు మొత్తం 100 మార్కులు. అందులో 40 మార్కులు సెమిస్టరు పొడుగునా చేసిన పనికి కాలేజీవాళ్ళే వేస్తారు. మిగిలిన 60 మార్కులకు చివర్లో పరీక్ష జరుగుతుంది. ఆ పరీక్షకు లాబులో పాఠం చెప్పిన ఉపాధ్యాయుడితోపాటు వేరే కాలేజీ నుంచి ఇంకో పరీక్షకుడు వస్తాడు. పాఠం చెప్పినవారికి తమ విద్యార్థుల మీద అభిమానమో కోపమో ఉండవచ్చు కదా! బయటివాడికి ఆ బెడద లేదు.

చాలా కాలేజీల్లో ప్రశ్నలు చీటీల మీద రాసి మడిచి పెడతారు. ఎవరు తీసిన చీటీ వాళ్ళది. చీటీ విప్పగానే కొందరి ముఖాలు వెలిగిపోతాయి, కొందరి ముఖాలు వాడిపోతాయి. వెంటనే కంప్యూటరు మీద పడకూడదు. ముందు కాగితం మీద, లెక్కను ఏ వరుసలో చెయ్యాలో రాయాలి. దీనికి 10 మార్కులు. తర్వాత ప్రోగ్రాము రాసి కంప్యూటరులోకి ఎక్కించడానికి 15. అది నడిచి ఇచ్చిన ఫలితాలకు 15. ఆ లాబులోనే ఉన్న మరో ప్రోగ్రాము గురించి వివరించి చెప్పడానికి 10. చివరగా నోటి పరీక్షకు, అంటే అందరూ 'వైవా' అని భయపడేదానికి 10. కూడి చూడండి, 60 అవుతాయి.

గమనించారా? ప్రోగ్రాము సరిగ్గా నడిచి సరైన జవాబు ఇచ్చినందుకు దక్కేవి అరవైలో పదిహేనే. నాలుగో వంతు! జవాబు సరిగ్గా వచ్చాక మిగతావన్నీ దేనికి అని మీకు అనిపించవచ్చు. ఒక చిన్న లెక్క తీసుకుంటే సంగతి బోధపడుతుంది.

అయిదుగురు విద్యార్థులు, ఒకే చీటీ

చీటీలో ఇలా ఉందనుకోండి: "ఒక సంవత్సరం ఇస్తే అది లీపు సంవత్సరం అవునో కాదో చెప్పే ప్రోగ్రాము రాయండి."

ఇంతేనా అనుకుంటున్నారు కదూ! నాలుగుతో భాగించి చూస్తే సరిపోదా? సరిపోదు. భూమి సూర్యుడి చుట్టూ తిరిగి రావడానికి సుమారు 365.2422 రోజులు పడుతుంది. నాలుగేళ్ళకొకసారి ఒక రోజు కలుపుతూ పోతే సంవత్సరం సగటున 365.25 రోజులవుతుంది. ఆ చిన్న తేడా 400 ఏళ్ళలో దాదాపు మూడు రోజులవుతుంది. అందుకే 1582లో పోపు గ్రెగొరీ కాలంలో క్యాలెండరును సవరించారు. నూరుతో భాగించబడే సంవత్సరాలు లీపు సంవత్సరాలు కావు, అయితే 400తో కూడా భాగించబడితే మాత్రం అవుతాయి. కాబట్టి 1900 లీపు సంవత్సరం కాదు, 2000 అవును. నాలుగు వందల ఏళ్ళలో లీపు సంవత్సరాలు 100 కాక 97 వస్తాయి.

ఇప్పుడు అయిదుగురు విద్యార్థులు రాసినవి చూద్దాం.

మొదటివాడు నాలుగుతో భాగించి ఊరుకున్నాడు. రెండోవాడు నాలుగుతో భాగించబడాలి, నూరుతో భాగించబడకూడదు అని రాశాడు. నాలుగు వందల సంగతి మరిచాడు. మూడోవాడికి ఏమీ తోచలేదు. ఏ సంవత్సరం ఇచ్చినా "లీపు సంవత్సరం కాదు" అని అచ్చువేసే ఒక్క వరుస రాసి చేతులు దులుపుకున్నాడు. నాలుగోవాడికి నియమం పూర్తిగా తెలుసు. కాని ప్రశ్నల వరుస తప్పింది. "నాలుగుతో భాగించబడితే లీపు సంవత్సరం, లేకపోతే, నూరుతో భాగించబడితే కాదు, లేకపోతే..." అని రాశాడు. ఏమైంది? నూరుతో భాగించబడే ప్రతి సంఖ్యా నాలుగుతోనూ భాగించబడుతుంది కదా! కాబట్టి 1900 మొదటి ప్రశ్న దగ్గరే "లీపు సంవత్సరం" అనిపించుకుని బయటపడుతుంది. నూరు, నాలుగు వందల ప్రశ్నల దాకా అది పోనే పోదు. అయిదోవాడు అంతా సరిగ్గా రాశాడు, అయితే ఒకచోట వరుస చివర పెట్టవలసిన సెమికోలన్ పెట్టలేదు.

పరీక్షకుడు నాలుగు సంవత్సరాలు ఇచ్చి చూశాడనుకోండి: 2023, 2024, 1900, 2000. ఎవరికెన్ని సరిపోయాయో మీరే కాగితం మీద వేసి చూడండి, తర్వాత కింద చదవండి.

మొదటివాడికి 1900 ఒక్కటే తప్పింది, నాలుగుకు మూడు. రెండోవాడికి 2000 తప్పింది, మూడు. బుర్ర పెట్టని మూడోవాడికి 2023, 1900 సరిపోయాయి. నాలుగుకు రెండు, అంటే సగం మార్కులు! నాలుగోవాడికి అచ్చం మొదటివాడిలాగే మూడు. మరి నియమమంతా తెలిసి, సరైన వరుసలో రాసిన అయిదోవాడికి? సున్నా. మనం రాసిన దాన్ని కంప్యూటరుకు అర్థమయ్యే సంకేతాల్లోకి మార్చే కంపైలరు, సెమికోలన్ లేదని ఆగిపోతుంది. ప్రోగ్రాము నడవదు, జవాబు రాదు.

ఇది న్యాయమేనా? నన్నడిగితే కాదు. మొదటివాడి ప్రోగ్రామూ నాలుగోవాడి ప్రోగ్రామూ ప్రపంచంలో ఏ సంవత్సరం ఇచ్చినా ఒకే జవాబు చెబుతాయి. జవాబులు మాత్రమే చూసేవారికి ఆ ఇద్దరికీ తేడా ఎప్పటికీ తెలియదు. కాగితం చదివితే ఒక్క క్షణంలో తెలుస్తుంది. రాతపనికి వేరుగా పది మార్కులు పెట్టింది అందుకే. అయిదోవాడి విషయంలోనూ అంతే. పరీక్షకుడు కాగితం చూసి, తెర మీది వరుసలు చూసి, "ఇక్కడ ఏదో మరిచినట్టున్నావు, మళ్ళీ చూడు" అని అనవచ్చు. కుర్రవాడు సెమికోలన్ పెడితే ప్రోగ్రాము నడుస్తుంది. రెండు మూడు మార్కులు పోవచ్చు, సున్నా మాత్రం రాదు. కొన్ని కంపైలర్లు తప్పున్న వరుసను కాక దాని కింది వరుసను చూపించి విద్యార్థిని తికమక పెడతాయి. సరిగ్గా ఉన్న వరుసను పది సార్లు చదివి కళ్ళనీళ్ళు పెట్టుకునేవాళ్ళు ప్రతి పరీక్షలోనూ ఉంటారు.

ఏ సంవత్సరాలు ఇచ్చి చూడాలి?

పరీక్షకుడు 1900నే ఎందుకు ఎంచుకున్నాడు? కళ్ళు మూసుకుని ఏవో నాలుగు సంవత్సరాలు ఇస్తే పోయేది కదా!

సరే, అలాగే చేద్దాం. 400 సంవత్సరాల్లో లీపు కానివి 303. అంటే ఎప్పుడూ "కాదు" అనే మూడోవాడి ప్రోగ్రాము 400లో 303 సార్లు సరైన జవాబే చెబుతుంది. నూటికి దాదాపు 76 మార్కులు! ఫస్టు క్లాసు దాటి డిస్టింక్షను వచ్చేసింది. మొదటివాడు 400లో మూడుసార్లు మాత్రమే తప్పుతాడు. 1901 నుంచి 2099 వరకు అయితే అతని ప్రోగ్రాము ఒక్కసారి కూడా తప్పు చెప్పదు. ఈ మధ్య సంవత్సరాలే ఇచ్చి చూసే పరీక్షకుడు దాని లోపాన్ని ఎన్నటికీ పట్టుకోలేడు.

కాబట్టి పరీక్షించే సంఖ్యలను ఏరుకోవడం ఒక విద్య. నియమం ఎక్కడ మలుపు తిరుగుతుందో అక్కడ పరీక్షించాలి. మూల గది మూలల్లోనే దుమ్ము పేరుకున్నట్టు, తప్పులు ఎక్కువగా దాక్కునేది ఆ మలుపుల్లోనే.

ఇది పరీక్ష హాలు దాటి బయటకూడా జరిగే కథే. 1983లో లోటస్ 1-2-3 అనే లెక్కల ప్రోగ్రాము వ్యాపార సంస్థల్లోకి వచ్చింది. అది 1900ని లీపు సంవత్సరంగా లెక్కగట్టింది, మన మొదటి విద్యార్థిలాగే! తర్వాత మైక్రోసాఫ్టు కంపెనీ ఎక్సెల్ తయారు చేసినప్పుడు, లోటస్‌లో దాచుకున్న లెక్కలు తారుమారు కాకుండా ఉండాలని తెలిసి తెలిసీ అదే తప్పును ఉంచింది. ఈనాటికీ ఎక్సెల్‌లో 1900 ఫిబ్రవరి 29 అనే తేదీ ఉంది. మన లోకంలో మాత్రం అలాంటి రోజు రానేలేదు.

ఇంకొకటి వినండి. అదే కంపెనీ జూన్ అనే జేబు సంగీత యంత్రాన్ని అమ్మేది. 2008 డిసెంబరు 31న, 30 గిగాబైట్ల రకం జూన్‌లన్నీ ఒక్కసారిగా బిగుసుకుపోయాయి. వాటి లోపల గడియారం, 1980 మొదలు ఎన్ని రోజులు గడిచాయో లెక్కపెట్టుకుంటుంది. అందులోంచి ఒక్కో సంవత్సరం రోజులు తీసేస్తూ ఇప్పుడు ఏ సంవత్సరమో కనుక్కుంటుంది. ఆ ప్రోగ్రాము సారాంశం ఇది: "రోజులు 365 కంటే ఎక్కువ ఉన్నంతసేపూ ఇలా చెయ్యి. లీపు సంవత్సరం కాకపోతే 365 తీసెయ్యి. లీపు సంవత్సరమైతే, రోజులు 366 కంటే ఎక్కువ ఉన్నాయేమో చూసి, ఉంటే 366 తీసెయ్యి." మరి మిగిలినవి సరిగ్గా 366 అయితే? 365 కంటే ఎక్కువే, కాబట్టి ఆగకూడదు. 366 కంటే ఎక్కువ కాదు, కాబట్టి ఏమీ తీసెయ్యకూడదు. మళ్ళీ మొదటికి. మళ్ళీ అదే. గానుగెద్దులా అక్కడక్కడే తిరుగుతూ ఉండిపోయింది. లీపు సంవత్సరపు చివరి రోజు తప్ప మరే రోజయినా ఈ ప్రోగ్రాము చక్కగా పనిచేస్తుంది. జూన్ అమ్మకానికి వచ్చింది 2006లో. అలాంటి రోజు దానికి తటస్థపడడం అదే మొదటిసారి. బ్యాటరీ పూర్తిగా అయిపోనిచ్చి, మర్నాడు జనవరి 1న మళ్ళీ చార్జి చేస్తే యంత్రాలు మామూలుగా పనిచేశాయి!

యంత్రమే పరీక్షకుడైతే

ముప్ఫైమంది కాగితాలు ఓపికగా చదవవచ్చు. మూడు వందలమందివి? సాయంత్రం నాలుగు గంటలకు పరీక్షకుడి కళ్ళు మూతలు పడుతుంటాయి. పొద్దున్న మూడు మార్కులు కోసిన తప్పుకు సాయంత్రం ఒకటే కోస్తాడు, లేదా అయిదు కోస్తాడు. చేతిరాత బాగుంటే రెండు మార్కులు ఎక్కువ పడటమూ ఉంది. యంత్రానికి అలసట లేదు, చేతిరాతతో పని లేదు. మరి కంప్యూటరు ప్రోగ్రాములకు కంప్యూటరు చేతనే మార్కులు వేయిస్తే?

ఈ ఆలోచన కొత్తదనుకునేరు. అమెరికాలో న్యూయార్కు రాష్ట్రంలోని రెన్సలేర్ పాలిటెక్నిక్ ఇన్‌స్టిట్యూట్‌లో జాక్ హాలింగ్స్‌వర్త్ అనే ఆయన దీన్ని చేసి చూపించి 1960లో ప్రకటించాడు. అప్పటి విద్యార్థుల ముందు తెరలూ లేవు, మీటలూ లేవు. అట్టముక్కలకు రంధ్రాలు పొడిచి వాటి కట్టను ఐ.బి.ఎం. 650 కంప్యూటరుకు తినిపించేవారు. పరీక్షించే ప్రోగ్రాము ఒకటి విద్యార్థి ప్రోగ్రామును నడిపించి, జవాబు తప్పనో, లెక్క పూర్తయిందనో చెప్పేది. అంతే, మధ్యేమార్గం లేదు. ఒక చిక్కు మాత్రం ఉండేది. రెండు ప్రోగ్రాములూ ఒకే యంత్రంలో పక్కపక్కనే ఉంటాయి కనుక, విద్యార్థి ప్రోగ్రాము పొరపాటునో, కావాలనో పరీక్షించే ప్రోగ్రామునే మార్చేయగలదు. పరీక్ష రాసేవాడే పరీక్షకుడి చెయ్యి పట్టుకుని మార్కులు వేయించినట్టన్నమాట! ఈనాటి యంత్ర పరీక్షకులు విద్యార్థి ప్రోగ్రామును వేరే గదిలో పెట్టి తాళం వేసినట్టు, దేన్నీ ముట్టుకోకుండా కట్టడి చేసి నడిపిస్తారు.

1965లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నుంచి జార్జి ఫోర్సైత్, నిక్లాస్ విర్త్ మరో అడుగు వేశారు. వారి పరీక్షా ప్రోగ్రాము సంఖ్యలు అందించడంతోపాటు, విద్యార్థి ప్రోగ్రాము ఎంతసేపు నడుస్తోందో కూడా కనిపెట్టి ఉండేది. మార్కుల పట్టికా అదే రాసేది. కాలం ఎందుకు కనిపెట్టాలి? జూన్ కథ గుర్తు తెచ్చుకోండి. విద్యార్థి ప్రోగ్రాము గానుగెద్దులా తిరగడం మొదలుపెడితే పరీక్షకుడు కూడా తెల్లవార్లూ కూర్చోవలసిందే. పోనీ, నడపకుండానే ముందుగా చూసి "ఇది ఆగదు" అని చెప్పగల యంత్రం ఉంటే? అన్ని ప్రోగ్రాములకూ పనికొచ్చే అలాంటి పద్ధతి అసాధ్యమనే ఫలితం ఇంగ్లండు గణితవేత్త ఆలన్ ట్యూరింగ్ 1936లో రాసిన వ్యాసం నుంచే వస్తుంది. చేతిలో పట్టుకునేందుకు ఒక్క కంప్యూటరైనా లేని రోజుల్లోనే! అందుకే యంత్ర పరీక్షకుడు మనలాగే గడియారం పెట్టుకుంటాడు. ఇన్ని సెకన్లలో జవాబు రాకపోతే ఆపేసి తప్పు వేస్తాడు.

ఇలాంటి యంత్ర పరీక్షకులు ఇప్పుడు ప్రపంచమంతటా విశ్వవిద్యాలయాల్లో పనిచేస్తున్నారు. అయినా నాలుగోవాడికీ మొదటివాడికీ మధ్య తేడా వాటి జవాబుల పట్టికలో కనిపించదు. అయిదోవాడికి సున్నాయే. దీన్ని సమర్థించేవాళ్ళు లేకపోలేదు. నడవని ప్రోగ్రాము ఎవరికి ఉపయోగం, పరీక్షలోనే ఆ జాగ్రత్త నేర్చుకోవద్దా అంటారు. రోజూ చేసే అభ్యాసంలో, ఎన్నిసార్లయినా దిద్దుకుని మళ్ళీ పంపవచ్చు అన్నప్పుడు ఆ మాట నేను ఒప్పుకుంటాను. ఒకే ఒక్క అవకాశం ఉన్న పరీక్షలో మాత్రం ఒప్పుకోలేను.

పక్కవాడి ప్రోగ్రాము

కాపీ సంగతి మాట్లాడకపోతే పరీక్షల కథ పూర్తి కాదు. ప్రోగ్రాము కాపీ కొట్టడం వ్యాసం కాపీ కొట్టడం కంటే తేలిక. పేర్లు మార్చేస్తే చాలు. పక్కవాడు 'సంవత్సరం' అన్నచోట మనం 'ఏడు' అని పెడితే పైకి వేరే ప్రోగ్రాములా ఉంటుంది. దీన్ని పట్టుకోవడానికి 1994లో ఆలెక్స్ ఐకెన్ అనే ప్రొఫెసరు 'మాస్' అనే ప్రోగ్రాము తయారుచేశాడు. ఇలాంటివి పేర్లనూ ఖాళీలనూ లెక్కలోకి తీసుకోవు. మిగిలిన అస్థిపంజరాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు ఒక అంకె కడతాయి. ఆ అంకెల్లో కొన్నింటిని వేలిముద్రల్లా దాచుకుంటాయి. ఇద్దరి వేలిముద్రలు ఎక్కువగా కలిస్తే ఉపాధ్యాయుణ్ణి చూడమంటాయి. దొంగ ఎవరో తేల్చడం ఉపాధ్యాయుడి పనే. పెద్ద ప్రోగ్రాములకే ఇది పనికొస్తుంది. లీపు సంవత్సరం లాంటి అయిదు వరుసల ప్రోగ్రాము ఎవరు రాసినా ఒకేలా ఉంటుంది కదా!

2022 చివరినుంచి, అడిగితే ప్రోగ్రాము రాసిపెట్టే కృత్రిమ మేధ అందరి చేతికీ వచ్చింది. అది రాసింది పక్కవాడి దానితో కలవకపోవచ్చు. ఈ పరిస్థితిలో పాతకాలపు నోటి పరీక్షే పరీక్షకుడికి గట్టి అండ. వైవాలో మంచి పరీక్షకుడు నిర్వచనాలు అప్పజెప్పమనడు. తెర మీది ఒక వరుస మీద వేలు పెట్టి, "ఇది తీసేస్తే ఏమవుతుంది?" అంటాడు. "1900 ఇస్తే నీ ప్రోగ్రాము ఏ దారిన పోతుందో వేలితో చూపించు" అంటాడు. తానే రాసినవాడు కాస్త తడబడినా వేలు కదిలిస్తాడు. వేరేవాళ్ళు రాసింది దించినవాడి వేలు మొదటి మలుపు దగ్గరే ఆగిపోతుంది. తెలిసి కూడా బెదిరి నోరు పెగలనివాళ్ళు ఉంటారు. వాళ్ళకు ఒక గ్లాసు మంచినీళ్ళిచ్చి రెండు నిమిషాలు ఆగే పరీక్షకుడు దొరకడం అదృష్టం.

ఇక మీరు పరీక్షకులు

ఇప్పుడు చీటీ మీది ప్రశ్న ఇది: "మూడు పొడవులు ఇస్తే, వాటితో ఏర్పడే త్రిభుజం సమబాహు త్రిభుజమా, సమద్విబాహు త్రిభుజమా, విషమబాహు త్రిభుజమా చెప్పే ప్రోగ్రాము రాయండి."

మీరు ప్రోగ్రాము రాయనక్కరలేదు. విద్యార్థులు రాసినవాటిని పరీక్షించడానికి ఏయే మూడు సంఖ్యలు ఇస్తారో రాయండి. 3, 4, 5 ఇస్తే విషమబాహు అని రావాలి. 5, 5, 5 ఇస్తే సమబాహు. ఇవి అందరికీ తడతాయి. 5, 5, 8తో పాటు 5, 8, 5, 8, 5, 5 కూడా ఇవ్వాలా? ఎందుకు? 1, 2, 3 ఇస్తే ఏం రావాలి? 1, 2, 9 ఇస్తే? 0, 0, 0 ఇస్తే? కనీసం పది రకాలైనా తయారుచేసి, ఒక్కోదాని ఎదురుగా రావలసిన సరైన జవాబు రాయండి. తర్వాత మీ స్నేహితుడి జాబితాతో పోల్చి, మీది పట్టుకోలేని ఏ తప్పును అతనిది పట్టుకుంటుందో వెతకండి.